చల్లటి సముద్రానికి తోడు వేసిన సంగతి

ఈ ఏడాది డిప్లొమా పూర్తి చేసి ఉద్యోగాల్లో చేరబోతున్న పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని మీ సారు నాకు ఫోన్ చేశారు. నా గొంతు రెండో బెంచీ దాటదని ఆయనకూ తెలుసు. నేను నసుగుతుంటే, "పోనీ రాసివ్వమ్మా" అన్నారు. రాయడం నాకు చేతనవును, మాట్లాడటమే చేతకాదు. నా మొదటి ఉద్యోగంలో జరిగిన నష్టమంతా ఆ తేడా వల్ల జరిగిందే. అందుకని దాని గురించే రాస్తున్నాను.

ఆ ఉద్యోగం నుంచి రిటైరయ్యానని నేనంటే మా అమ్మ నవ్వుతుంది, ఇరవై ఏడేళ్లకు రిటైర్మెంటేంటని. ఇప్పుడు రొయ్యపిల్లల హేచరీలో ల్యాబు చూసుకుంటున్నాను. అంతకు ముందు మూడేళ్లు తెనాలిలో ఒక అక్వేరియం కొట్లో పనిచేశాను. పొద్దున కొలకలూరులో బస్సెక్కి వెళ్లేదాన్ని. సంచిలో ఒక నవల, ఒక డైరీ ఎప్పుడూ ఉండేవి.

మా ఓనరు గారికి 'కాదు' అనే మాట నోట్లో పుట్టదు. డాక్టర్ల వెయిటింగ్ రూములకు, స్వీటు షాపులకు, కల్యాణమండపాలకు ఆయన చేపల ట్యాంకులు కట్టించేవారు. ఎవరేమడిగినా "అయిపోద్దండి" అనేవారు. నిజానికి చాలాసార్లు అయ్యేది కూడా. దానికి కారణం కొట్లో ఆయన తండ్రి కాలం నుంచి వస్తున్న ఒక పద్ధతి. కొత్త ట్యాంకులో నీళ్లు పోయగానే, పాత ట్యాంకు ఫిల్టరులోంచి స్పాంజి తీసి, కొత్త నీళ్లలో పిండేవాళ్లం. చూడటానికి అదొక మురికి కషాయం. చేపల విసర్జనలోని విషాన్ని తినేసే సూక్ష్మజీవులు ఉండేది ఆ మురికిలోనే. కొట్లో అందరూ దాన్ని 'తోడు' అనేవారు. "తోడు వేశావా?" "వేశానండి." పది పదిహేను రోజుల్లో ట్యాంకు పెరుగు తోడుకున్నట్టు తోడుకునేది. చేపల్ని వదిలేవాళ్లం.

ఒకరోజు బాపట్ల వైపు ఉన్న ఒక ప్రైవేటు బడి నుంచి పిలుపొచ్చింది. ప్రిన్సిపల్ మేడమ్ భూగోళం టీచరు. ఏ నగరంలోనో చల్లటి సముద్రాల జీవాలున్న ట్యాంకును చూసి వచ్చారట.

"మా పిల్లలకు సముద్రమంటే ఆదివారం సూర్యలంకలో చూసేదే. వెచ్చగా ఉంటుంది, కెరటంలో ఇసుక ఉంటుంది. అది కాక ఇంకో రకం సముద్రం ఉందని వీళ్లకి పటంలో చూపిస్తే సరిపోదండి. అద్దం మీద చెయ్యి పెట్టి చూడాలి" అన్నారావిడ.

"దాందేముంది మేడమ్, అయిపోద్ది" అన్నారు ఓనరు గారు.

గేటు దాటాక నావైపు తిరిగారు. "చల్లటి సముద్రం అంటే ఏంటమ్మా?"

నేను చెప్పాను. పదమూడు డిగ్రీలు. ఎండాకాలమైనా, కరెంటు పోయినా పదమూడే. ఆయన కాసేపు ఆలోచించి, "అంటే ఫ్రిజ్జు" అన్నారు. ఫ్రిజ్జు అనగానే రేపల్లె మెకానిక్కు గుర్తొచ్చాడు. ఫ్రిజ్జులు, ఐస్‌క్రీం పెట్టెలు, రొయ్యల ప్లాంట్లలో పెద్ద కూలింగ్ మెషీన్లు బాగుచేసే మనిషి. నాకంటే పదేళ్లు పెద్ద. చూసిన మొదటిరోజే నన్ను చెల్లెమ్మా అన్నాడు. నేను అన్నయ్యా అనడానికి రెండు వారాలు పట్టింది.

ట్యాంకుకి రెండు పొరల అద్దం పెట్టించింది అతనే. "మన గాలి ఉప్పగాలి చెల్లెమ్మా. ఒంటి అద్దం పెడితే గోలీసోడా బుడ్డికి పట్టినట్టు చెమట పడద్ది. లోపల తిమింగలం ఉన్నా ఎవడికీ కనపడదు." నీళ్లను చల్లబరిచే మెషీను వరండాలో పెట్టి, గొట్టాలకు నల్లటి స్పాంజి తొడుగు చుట్టి, తన చేత్తో బిగించాడు. అది మొదటిసారి పదమూడు చూపించినప్పుడు, "రేపల్లెలో సముద్రాన్ని చల్లార్చినోడు ఇంకోడు ఉన్నాడా? చెప్పు" అన్నాడు. నిజంగానే ఎవరూ లేరు.

సముద్రపు నీళ్లు సూర్యలంక నుంచి. ఒడ్డు నీళ్లు పనికిరావు, బురదగా ఉంటాయి. లోపలికి వేటకు వెళ్లే ఒక పడవాయన తిరిగొచ్చేటప్పుడు నీలం డ్రమ్ముల్లో తెచ్చిచ్చేవాడు. ఒడ్డున డ్రమ్ములు లెక్కచూసి ఎక్కించేది ఆయన భార్య. నేను పిన్నీ అని పిలిచేదాన్ని. ఆమె నన్ను చూసినప్పుడల్లా ఏదో ఒకటి అనేది. "చేపలు పట్టుకుపోయేవాళ్లని చూశా గానీ, ఒట్టి నీళ్లు పట్టుకుపోయేవాళ్లని నిన్నే చూశా. మీ ఊళ్లో ఉప్పు దొరకదా ఏంటమ్మా?"

నీళ్లు నిండాయి. మెషీను పదమూడు దగ్గర నిలబడింది. అలవాటు ప్రకారం కొట్లో ఉన్న సముద్రపు చేపల ట్యాంకులోంచి స్పాంజి తీసుకెళ్లి తోడు వేశాం. ఆ ట్యాంకు ఇరవై ఏడు డిగ్రీలది. ఇక్కడ ఆగి ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ రోజు మేం చూడలేదు. ఓనరు గారు స్పాంజి పిండి, చేతులు కడుక్కుని, "పదిహేను రోజులు" అన్నారు. మేడమ్ ఇరవై రెండో రోజుకి ప్రారంభం పెట్టుకున్నారు. చెన్నై వ్యాపారి, అనుమతి కాగితాలన్నీ ఉన్న మనిషి, ఆ తేదీకే జీవాలు పంపుతానన్నాడు.

రోజు విడిచి రోజు పాసింజరులో బాపట్ల వెళ్లి నీళ్లు పరీక్షించడం నా పని. ట్యాంకులో ఒక రొయ్య ముక్క వేసి ఉంచేవాళ్లం. అది కుళ్లి విషం పుట్టాలి, ఆ విషాన్ని తోడు తినేయాలి. గాజు గొట్టంలో కొంచెం నీళ్లు తీసుకుని మందు చుక్కలు వేస్తే, విషం ఉంటే ఆకుపచ్చ, లేకపోతే పసుపు. ఆరో రోజు ఆకుపచ్చ. అది మామూలే. పన్నెండో రోజు ఆకుపచ్చ. పదహారో రోజు ఇంకా చిక్కటి ఆకుపచ్చ.

తిరుగు రైల్లో డైరీ తీసి రాసుకున్నాను. "రంగు దిగలేదు. చలికి సూక్ష్మజీవులు మెల్లగా పెరుగుతాయని పుస్తకంలో ఉంది. ఇంకా చాలా రోజులు పట్టొచ్చు. సారుకి చెప్పాలి." పుస్తకంలో ఆ వాక్యం కింద పెన్సిల్ గీత కూడా నాదే. నాకు తెలియక జరిగింది కాదిది. మీరు బాగా గుర్తుపెట్టుకోవాల్సింది అదే.

మర్నాడు కొట్లో ఓనరు గారు నిచ్చెన మీద ఉన్నారు, పై అరలో పంపుల డబ్బాలు సర్దుతూ.

"సార్, బాపట్ల ట్యాంకులో రంగు ఇంకా..."

"ఏంటమ్మా?"

"ఏం లేదండి."

అంతే. రెండు రోజుల తర్వాత ఇంకోసారి ప్రయత్నించాను. ఈసారి మొత్తం చెప్పాను, కానీ చివర్లో "నా మందు పాతదేమోనండి" అని నేనే కలిపాను. ఆయన సంతోషంగా "అయ్యుంటదమ్మా, కొత్త సీసా తీసుకో" అన్నారు. కొత్త సీసా తీసుకున్నాను. కొత్త ఆకుపచ్చ వచ్చింది.

ప్రారంభం రోజు పొద్దున థర్మాకోల్ పెట్టెలు రైలు దిగాయి. నాలుగు నక్షత్ర చేపలు, ఒకటి వంకాయ రంగుది. రాతికి అతుక్కుని పువ్వులా విచ్చుకునే అనిమోన్లు ఏడు. బొటనవేలంత చేపలు తొమ్మిది, మొహం నిండా కళ్లే. వాటిని వదిలే ముందు మామూలుగా పరీక్ష చేశాను. లేత మామిడికాయ రంగు. గొట్టం కడిగేసి డైరీలో రాశాను. "ఆకుపచ్చ. ఇవాళ వదలకూడదు." ఆ వాక్యానికి చుక్క పెట్టి, డైరీ సంచిలో పెట్టి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, ఒక్కొక్కదాన్నీ నా చేత్తోనే వదిలాను.

పిల్లలు వరసగా వచ్చి అద్దానికి చెంపలు ఆనించి చూశారు. మూడో తరగతి పాప నా చున్నీ లాగి, "అక్కా, వాటికి చలెయ్యదా?" అని అడిగింది. వాటికి అదే హాయి అని చెప్పాను. మేడమ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఓనరు గారు మెకానిక్కు భుజం తట్టి ఫొటో తీయించుకున్నారు. నేను ఫొటో అంచున ఉన్నాను, సగం.

చలిలో విషం కూడా నిదానంగానే పనిచేస్తుంది. ఐదు రోజులు అన్నీ బాగానే ఉన్నాయి. నా భయమే తప్పేమో అనుకున్నాను. ఆరో రోజు వంకాయరంగు నక్షత్రం ఒక చెయ్యి వేలాడేసింది. నీళ్లు మార్చాం, మళ్లీ మార్చాం. పదో రోజుకి ట్యాంకులో కదిలేది పంపు నీళ్లొక్కటే. మేడమ్ ఆయమ్మతో దుప్పటి తెప్పించి ట్యాంకు మీద కప్పించారు. మూడో తరగతి పాప ఆ దుప్పటి చూసి, "చలేసిందని కప్పారా?" అంది. ఆయమ్మ "అవునమ్మా" అంది.

ఇక కారణం కావాలి. ఓనరు గారికి తోడు మీద అనుమానం రాలేదు. తండ్రి నేర్పిన పద్ధతి, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తప్పనిది. కొత్తగా వచ్చింది ఒక్క మెషీనే. "ఎప్పుడో చలి బాగా ఎక్కువైపోయి ఉంటది. మిషను మోసం చేసింది" అన్నారు. మెషీను మోసం చేసిందంటే మెకానిక్కు చేసినట్టే. బడిలో ఏసీలన్నీ ఏడాది పొడుగునా చూసుకునే పని మేడమ్ అతనికి ఇద్దామనుకున్నారు. దాని గురించి మాట్లాడటం మానేశారు. రేపల్లెలో కూడా అనడం మొదలుపెట్టారట, సముద్రాన్ని చల్లారుస్తానని పోయి చేపల్ని చంపొచ్చాడని.

అతను వాదించలేదు. మర్నాడు వచ్చి వరండాలో గోనెపట్టా పరిచి, మెషీను మొత్తం విప్పాడు. నేను వెళ్లేసరికి ముక్కలన్నీ వరసగా పేర్చి, ఒక్కోదాన్నీ ఎండలో పెట్టి చూస్తున్నాడు.

"ఏమైనా దొరికిందా అన్నయ్యా?"

"లేదు చెల్లెమ్మా. అన్నీ బాగానే ఉన్నాయి. అదే అర్థం కావట్లా. నాకు తెలీని తప్పేదో చేశా."

ఏ తప్పూ లేని మెషీనులో ఒక మనిషి తన తప్పు వెతుక్కుంటున్నాడు. నా సంచిలో డైరీ ఉంది. "మంచినీళ్లు తెమ్మంటారా?" అని అడిగాను. అడగగలిగింది అంతే.

మళ్లీ మొదలుపెట్టాలి కాబట్టి కొత్త నీళ్ల కోసం నన్ను సూర్యలంక పంపారు. పిన్ని సంగతంతా విని, ఎప్పటిలా ఎగతాళి చేయలేదు. డ్రమ్ము మూత బిగిస్తూ అడిగింది.

"పాత నీళ్ల మడ్డి వేసి తోడు పెడతామన్నావు కదా?"

"అవును పిన్నీ."

"మరి మంచులో పెట్టి తోడేస్తే ఏం తోడుకుంటదే పిచ్చిదానా? చలికాలం వస్తే పాలగిన్నెని పొయ్యి పక్కన పెట్టి, గుడ్డ చుట్టి, దాని మీద ఇంకో గిన్నె బోర్లిస్తే గానీ నాకు పెరుగవ్వదు. మీరేమో ఫ్రిజ్జులో తోడేశారు. అంతమంది చదువుకున్నోళ్లు ఒక్కళ్లూ అనలేదా ఈ మాట?"

ఒకళ్లు రాసుకున్నారు పిన్నీ, అనలేదు. ఇది కూడా నేను పైకి అనలేదు.

సోమవారం మేడమ్ గదిలో కూర్చున్నాం. ఓనరు గారు, మెకానిక్కు, నేను. గుంటూరు నుంచి వేరే మెకానిక్కుని తెస్తానని ఓనరు గారు చెబుతున్నారు. మేడమ్ ఇటు తిరిగి, "మీరేమంటారు?" అని మెకానిక్కుని అడిగారు.

అతను చేతులు చూసుకున్నాడు. "అయ్యుండొచ్చు మేడమ్. నాకు దొరకలా. కానీ అయ్యుండొచ్చు. వేరేవాళ్లని చూసుకోండి."

అతను తిట్టినా, తిరగబడినా నేను కదిలేదాన్ని కాదేమో. ఆ 'అయ్యుండొచ్చు' విన్నాక కూర్చోలేకపోయాను. డైరీ తీసి బల్ల మీద పెట్టాను.

"ఏంటిది?" అన్నారు మేడమ్. కళ్లజోడు పెట్టుకుని ఒక పేజీ చూశారు. నా రాత చీమల బారు. డైరీ నావైపు తిప్పారు. "నీ రాత నువ్వే చదువమ్మా."

చదివాను. ఆరో రోజు, పన్నెండో రోజు, పదహారో రోజు. చలికి సూక్ష్మజీవులు మెల్లగా పెరుగుతాయని పుస్తకంలో ఉంది. సారుకి చెప్పాలి. ఆకుపచ్చ. ఇవాళ వదలకూడదు. మెషీను రోజూ పదమూడే చూపించిందని కూడా రాసి ఉంది, ప్రతిరోజు పక్కనా. గొంతు పోయిన చోటల్లా మళ్లీ మొదలుపెట్టి చదివాను. నాకు తెలిసి నా జీవితంలో అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి. ఆ మాటలు కూడా ముందే రాసుకున్నవి.

మేడమ్ అడిగారు, "ఇదంతా ఎప్పుడు రాశావు?"

"ఏరోజుదారోజేనండి."

"చివరిది?"

"చేపల్ని వదలకముందండి."

"అంటే నీకు తెలుసు."

"తెలుసండి."

మెషీను నిర్దోషి అని తేల్చిన డైరీయే నన్ను దోషిని చేసింది. తీసేటప్పుడు నాకు అది తోచలేదు. తోచి ఉంటే తీసేదాన్నా? ఇప్పటికీ నాకు గట్టిగా తెలియదు.

ఓనరు గారు, "నాకొక్క మాట చెప్పొచ్చు కదమ్మా" అన్నారు.

"చెప్పానండి. సగం."

ఆయన నిచ్చెన గుర్తు తెచ్చుకున్నట్టున్నారు. తల దించుకున్నారు. "నేనూ సగమే విన్నా" అన్నారు. ఆ మాట ఆయన అనక్కర్లేదు. అందుకే ఆయన మీద నాకు ఈనాటికీ గౌరవం.

మెకానిక్కు లేచి వరండాలోకి వెళ్లి, గోనెపట్టా మీద కూర్చుని మరలు బిగించడం మొదలుపెట్టాడు. నేను వెళ్లి మరలు అందించబోయాను. "పర్లేదు మేడమ్ గారూ, నేను చూసుకుంటా" అన్నాడు. ఆ రోజు నుంచి నేను అతనికి మేడమ్ గారినే.

రెండోసారి పిన్ని చెప్పినట్టే చేశాం. మెషీను ఆపి, మామూలు వేడిలోనే తోడు వేశాం. రంగు పసుపుకి వచ్చాక ఒక డిగ్రీ తగ్గించాం. మళ్లీ రొయ్య ముక్క, మళ్లీ పసుపు దాకా ఆగడం, మళ్లీ ఒక డిగ్రీ. ఇరవై ఏడు నుంచి పదమూడుకి ఎన్ని మెట్లో లెక్క వేసుకోండి. కొన్ని మెట్ల దగ్గర వారాలు ఆగాం. ఓనరు గారు చెన్నై వ్యాపారికి నా ముందే ఫోన్ చేసి, "మా అమ్మాయి ఊ అన్నదాకా పెట్టె కట్టొద్దు" అన్నారు. ఆ తర్వాత నాకొక పని పెట్టారు. ప్రతి పరీక్ష కాగానే, రాసుకోవడానికి ముందే, ఆయనకు ఫోన్ చేసి రంగు చెప్పాలి.

మొదట్లో అది నాకు శిక్షలా ఉండేది. "ఆకుపచ్చండి." "ఏంటమ్మా? వినపళ్లా." "ఆకుపచ్చండి." ఆయన చెవులు అంత మందం కావని నాకు తర్వాత తెలిసింది. మేడమ్ రెండుసార్లు తేదీ పెడదామా అని అడిగారు. రెండుసార్లూ ఆవిడ మొహం చూస్తూ "ఇంకా లేదండి" అన్నాను. మొదటిసారి రెండు చేతులా కుర్చీ పట్టుకుని నిలబడ్డాను. రెండోసారి ఒక్క చేత్తోనే.

ఒకరోజు పదకొండు గంటల వేళ, బడిలో పాఠాలు జరుగుతున్నాయి. మెకానిక్కు మెషీను ముందు కూర్చుని దాని దుమ్ము జల్లెడ తుడుస్తున్నాడు. మెషీను మీద పదమూడు. ముందురోజు పసుపు వచ్చింది, నమ్మకం చాలక మళ్లీ రొయ్య ముక్క వేసి ఉంచాను. గొట్టంలో చుక్కలు వేసి, ఊపి, తెల్ల కాగితం ముందు పట్టుకుని ఐదు నిమిషాలు నిలబడ్డాను. ఫోన్ చేశాను.

"పసుపండి."

"ఏంటమ్మా? మార్కెట్లో ఉన్నా, వినపళ్లా. గట్టిగా చెప్పు."

"పసుపండీ!"

ఎదుటి తరగతిలో పాఠం ఆగిపోయింది. కిటికీ ఊచల వెనక ముప్పై తలలు ఇటు తిరిగాయి. టీచరు గుమ్మంలోకి వచ్చి ఏమైందన్నట్టు చూసింది. ఫోన్లో ఓనరు గారు ఏదో అంటున్నారు, నాకే వినపళ్లేదు.

మెకానిక్కు తలెత్తకుండా జల్లెడ విదిలించాడు. "రేపల్లె దాకా వినపడింది లే చెల్లెమ్మా" అన్నాడు.

డైరీ ఆ తర్వాత తీశాను.